ఆకుపచ్చ పోగు

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత నవ్వు వస్తుంది. నా ఉద్యోగం అలాంటిది. కరీంనగర్‌లో కరెంటు ఆఫీసులో సబ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఒకసారి శ్మశానం పక్కన వీధిదీపం దానంతట అదే వెలుగుతోంది, ఆరుతోంది అని ఫిర్యాదు వచ్చింది. మా లైన్‌మెన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనే వెళ్ళి నిచ్చెన వేయించి చూస్తే హోల్డర్‌లో తీగ వదులైంది. గాలి వీచినప్పుడల్లా అంటుకుంటోంది, విడిపోతోంది. బిగించి వచ్చాను. ఆ దయ్యం మళ్ళీ రాలేదు.

అందుకని ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని ఎవరినీ బతిమాలను. నాకే నమ్మకం కుదరలేదు. ఎక్కడో ఒక తీగ వదులై ఉంటుందని ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

మా ఆయన రాజేందర్ ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. వాలీబాల్ అంటే ప్రాణం. చిన్నప్పటి నుంచీ మందపాటి కళ్ళద్దాలు. అవి తీస్తే పక్కనున్నది నేనో గోడో కూడా తెలియదని ఏడిపించేదాన్ని. బంతి తగిలి అద్దాలు పగలడం మా ఇంట్లో మామూలే. చివరికి విసుగొచ్చి హైదరాబాద్ వెళ్ళి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాడు.

ఆ ఆపరేషన్‌లో నల్లగుడ్డు మీద ఉండే కార్నియాలో పలుచని పొరను ఒకవైపు నుంచి లేపుతారు. లోపల లేజర్ కొట్టి, పొరను తిరిగి కప్పేస్తారు. కుట్లు ఉండవు. పొర దానంతట అదే అతుక్కుంటుంది. కానీ ఎన్నేళ్ళయినా మునుపటి గట్టితనం రాదట. కన్ను నలపవద్దని, దెబ్బ తగలనివ్వవద్దని ఆసుపత్రిలో చెప్పే పంపారు.

మర్నాడు పొద్దున రాజేందర్ బాల్కనీలో నిలబడి, ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలకు పెట్టిన క్లిప్పుల రంగులన్నీ వరసగా చెప్పాడు. పెద్ద మనిషి, చిన్న పిల్లాడిలా గెంతాడు. మొదట్లో కంటికి నీళ్ళు తగలాలన్నా భయపడ్డాం. ఏడాది దాటేసరికి ఆ కళ్ళకు ఆపరేషన్ జరిగిందన్న సంగతే మరిచిపోయాం.

అతని సొంతూరు బోథ్ దగ్గర పల్లె. మామయ్య పోయాక అత్తమ్మ అక్కడే పెద్దకొడుకు దగ్గర, అంటే మా బావ, యారాలి దగ్గర ఉండేది. బక్కపలుచని మనిషి, ముంజేతి మీద పచ్చబొట్టు, ఎప్పుడూ దవడలో వక్క. ఎవరి కంట్లో నలుసు పడినా, కన్ను ఎర్రబడినా ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె చేసేది పెద్ద వైద్యమేమీ కాదు, మన ఇళ్ళలో ప్రతి తల్లీ చేసేదే. కొంగు కొసను ఉండలా చుట్టి, నోటి దగ్గర పెట్టుకుని వేడిగా ఊది, మూసిన కంటి మీద అద్దడం. ఊదడం, అద్దడం. అంతే. కానీ ఆమె చేతిలో ఏదో హాయి ఉండేదని అందరూ అనేవారు. నాకు ఒకసారి కంటికురుపు వేసినప్పుడు ఆమె అలా అద్దితే నిజంగానే నిద్రపట్టింది.

పత్తి ఏరడం అయిపోయాక చేలో ఎండిన పత్తి కట్టెను పీకేస్తారు. సెలవులకు వెళ్ళినప్పుడు అన్నకు సాయంగా రాజేందర్ కూడా చేలోకి దిగాడు. నేనూ అత్తమ్మా సద్ది పట్టుకుని వెళ్ళాం. మేము చూస్తుండగానే ఒక కట్టె మధ్యలో విరిగి, ఎగిరి అతని ఎడమ కంటికి తగిలింది. అతను కన్ను మూసుకుని కూలబడ్డాడు.

నా కంటే ముందు అత్తమ్మ పరుగెత్తింది. కొడుకు తలను ఒళ్ళో పెట్టుకుంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది ఆ రోజు. కొంగు చుట్టింది, ఊదింది, అద్దింది. నీళ్ళు కారుతున్న కంటిని అదే కొంగుతో తుడిచింది, మళ్ళీ ఊదింది, ఇంకాస్త గట్టిగా అద్దింది.

"హాయిగున్నదే అవ్వా," అన్నాడు రాజేందర్.

నేను పక్కనే ఉన్నాను. అతని మొహంలో నొప్పి తగ్గడం నా కళ్ళతో చూశాను. ఆపమని నాకూ తోచలేదు, అతనికీ తోచలేదు. లోపల ఒక పొర ఉందని, దానికి కుట్లు లేవని మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

తెల్లారేసరికి రెప్ప వాచిపోయింది. కన్ను తెరిస్తే అంతా పొగమంచు అన్నాడు. కారు మాట్లాడుకుని కరీంనగర్ బయలుదేరాం. అత్తమ్మ చీర కూడా మార్చుకోకుండా మాతో పాటు ఎక్కేసింది. దారి పొడుగునా కొడుకు చెయ్యి వదల్లేదు.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ మెషిన్‌లో చూసి, ఫొటో తీసి, స్క్రీన్ మావైపు తిప్పింది. పాల మీద మీగడను వేలితో నెడితే ముడతపడుతుంది కదా, ఆ పొర అలా ముడతపడి పక్కకు జరిగిందని చెప్పింది. ఆ ముడత కింద వంకీ తిరిగిన సన్నని దారప్పోగు ఒకటి కనిపించింది. స్క్రీన్ మీద అది చాలా పెద్దదిగా ఉంది. ఆకుపచ్చగా ఉంది.

డాక్టరమ్మ చెప్పిన మాటల్లో సగం ఇంగ్లీషు. కానీ రంగు తెలియడానికి భాష అక్కర్లేదు కదా. అత్తమ్మ స్క్రీన్ వైపు చూసింది. తర్వాత తల వంచి తన కొంగు చూసుకుంది.

రాజేందర్ ఒంటి కంటితోనే అదంతా గమనించాడు. "నా తువ్వాలది గావచ్చు మేడం. చేన్ల మొకం తుడుసుకున్న," అన్నాడు.

అతని తువ్వాలు అతని భుజం మీదే ఉంది. ఎర్రది. కట్టె దెబ్బకే పొర లేచి ఉండవచ్చని, ఏ దెబ్బకు ఏమైందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరని డాక్టరమ్మ అంది. మంచి మనిషి. కానీ ఆ మాట అత్తమ్మ చెవికి ఎక్కినట్టు లేదు.

పొరను మళ్ళీ లేపి, కడిగి, సర్ది, పైన ఒక లెన్స్ పెట్టారు. దారంలో చాలా భాగం వచ్చింది. చిన్న ముక్క మాత్రం లోపలే ఉండిపోయింది. దానికోసం ఇంకా కెలికితే పొర చిరిగేలా ఉందని, అది అలా ఉన్నా పెద్దగా హాని లేదని వదిలేశారు. బాగవుతుందనుకున్నాం. కొన్నాళ్ళకు కార్నియా పైనుండే కణాలు పొర కిందికి పెరగడం మొదలైంది. మళ్ళీ లేపారు, మళ్ళీ కడిగారు. ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చింది. అలారం పెట్టుకుని లేచి చుక్కలు వేసేదాన్ని. ఇన్‌ఫెక్షన్ తగ్గింది కానీ పొర అంచు కొంత కరిగిపోయింది, మధ్యలో తెల్లని మచ్చ మిగిలిపోయింది. ఆ కంటికి ఇక వెలుగు, చీకటి తప్ప ఇంకేదీ ఆనదు.

ప్రతి చెకప్‌లోనూ ఫొటో తీసేవారు. ప్రతి ఫొటోలోనూ మచ్చకు ఒక పక్కగా ఆ ఆకుపచ్చ ముక్క ఉండేది.

ఒంటి కంటితో బంతి ఎంత దూరంలో ఉందో తెలియదు. చేతులు ఎత్తేలోపే బంతి భుజానికి తగిలేది. పిల్లలు నవ్వకుండా ఆపుకునేవారట, అదే ఎక్కువ బాధగా ఉందని చెప్పాడు. నెమ్మదిగా ఆడటం మానేసి, విజిల్ పట్టుకుని గట్టున కూర్చోవడం మొదలుపెట్టాడు.

దానం చేసిన కార్నియా దొరికితే మార్చవచ్చు, పేరు రాయించుకోండి అని డాక్టరమ్మ చెప్పింది. రాజేందర్ వాయిదా వేస్తూ వచ్చాడు. ఒకరోజు నేను గట్టిగా నిలదీస్తే అసలు సంగతి చెప్పాడు.

"ఆపరేషనంటే అవ్వకు ఎరుకైతది. కన్ను బాగైతున్నదని చెప్పిన గదా."

అక్కడ ఊళ్ళో అత్తమ్మ వేరే మనిషయిపోయింది. ఆ ఆకుపచ్చ చీర పెట్టెలో అడుగున పెట్టేసింది. నలుసు పడిందని పిల్లలు వస్తే నీళ్ళతో కడుక్కోమని పంపేసేదట. మేము ఊరికి వెళ్ళినప్పుడు రాజేందర్ కావాలనే వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాడు. మంటగా ఉంది, కొంగు పెట్టమన్నాడు. మంట ఏమీ లేదని నాకు తెలుసు. తల్లి చెయ్యి ఒక్కసారి మొహానికి తగిలితే ఆమె బరువు దిగుతుందని అతని ఆశ.

ఆమె కొంగును నడుములో గట్టిగా దోపుకుంది. కొడుకు తల కింద దిండు పెట్టి లేచిపోయింది. "నా చెయ్యి ఇగ నీ కంటికి వద్దు కొడుకా," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి ఫోన్లో పరీక్ష మొదలైంది. వీడియో కాల్ చేయించి, కుడి కన్ను మూసుకోమనేది. తన చెయ్యి ఎత్తి వేళ్ళు చూపించేది. ఎన్ని కొడుకా అని అడిగేది. రాజేందర్ సరిగ్గా చెప్పేవాడు. ఎలా అంటే, నేను అతని వెనక కూర్చుని, ఫోన్‌లో పడకుండా, ఆమె ఎన్ని చూపిస్తే అన్నిసార్లు వీపు మీద తట్టేదాన్ని. కొన్నాళ్ళు ఇది బాగానే సాగింది. ఆమె మొహంలో కాస్త వెలుగు వచ్చేది. ఫోన్ పెట్టేశాక మేమిద్దరం దొంగతనం చేసినవాళ్ళలా నవ్వుకునేవాళ్ళం, ఆ నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు.

ఒకరోజు కాల్‌లో ఆమె నన్ను పిలిచింది. "బిడ్డా, నీ చేతులు జర ముంగటికి వెట్టు," అంది.

ఏం చేయను? రెండు చేతులూ రాజేందర్ భుజాల మీద, ఫోన్‌లో కనిపించేలా పెట్టాను. ఆమె చెయ్యి ఎత్తింది. బొటనవేలితో చిటికెన వేలిని నొక్కిపట్టి, మధ్యలోని మూడు వేళ్ళు నిలబెట్టింది. రాజేందర్ అరచేత్తో కుడి కన్ను మూసుకుని, తెల్లటి పొగలోకి చూశాడు.

"రెండు," అన్నాడు.

ఆమె చెయ్యి అలాగే గాల్లో ఉంది. తర్వాత మెల్లగా దించుకుంది. "నెట్‌వర్క్ మంచిగ లేదు కొడుకా. మనిషి మంచిగ కనవడ్తలేడు," అంది. అబద్ధాలు ఆడటంలో ఆ తల్లీకొడుకులు ఇద్దరూ ఒక్కటే. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఎప్పుడూ వీడియో కాల్ చేయించలేదు. మామూలు ఫోన్లో తిన్నారా, పన్నారా అని అడిగి పెట్టేసేది. కన్ను మాటే ఎత్తేది కాదు.

ఇక ఆ ఆదివారం.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. రాజేందర్ హాల్లో చాప మీద పడుకున్నాడు. కుడి చెంప దిండులోకి దిగిపోయి ఉంది. అంటే కుడి కన్ను పూర్తిగా దిండుకు ఆనుకుని మూసుకుపోయి ఉంది. ఈ సంగతి నాకు బాగా గుర్తు, ఎందుకంటే అలా పడుకుంటే మెడ పట్టేస్తుందని తిట్టాలనుకుని, నిద్ర చెడుతుందని ఊరుకున్నాను. నేను వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. టీవీ లేదు. ఫ్యాను తిరుగుతోంది.

"మూడు," అన్నాడు రాజేందర్.

కలవరింత కాదు. ఎదురుగా ఉన్న మనిషికి జవాబు చెప్పినట్టు స్పష్టంగా అన్నాడు. ఏం మూడు, టీ గ్లాసులా అని నేను నవ్వాను. అతను లేచి కూర్చున్నాడు. ఎడమ చెంప మీద చెయ్యి పెట్టుకుని నా వైపు కాకుండా గోడ వైపు చూస్తున్నాడు.

అవ్వ వచ్చిందన్నాడు. పక్కన కూర్చుని కొంగు చుట్టి, ఊది, కంటి మీద పెట్టిందట. వక్క వాసన వచ్చిందట. తర్వాత కొంచెం వెనక్కి జరిగి చెయ్యి ఎత్తి, ఎన్ని కొడుకా అని అడిగిందట.

"ఎడమ కంటితోనే చూసిన. చేతి మీది పచ్చబొట్టు గూడ కనవడ్డది. చెప్పంగనే నవ్వింది," అన్నాడు.

కల అన్నాను. అతనూ కాదనలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే అతని ఎడమ రెప్ప తడిగా, వేడిగా ఉంది. మిగతా మొహమంతా ఫ్యాను గాలికి చల్లగా ఉంది. ఆ కంటి నుంచి తరచూ నీరు కారుతుంది కాబట్టి దాన్ని నేను పెద్ద వింతగా లెక్కించను. ఒకసారి అవ్వకు ఫోన్ చెయ్యి అన్నాడు. చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. పడుకుని ఉంటుందిలే అనుకున్నాం.

పొద్దుగూకే వేళ బావ ఫోన్ చేశాడు. అందరూ చేనుకు పోయి వచ్చేసరికి అత్తమ్మ అరుగు మీద మంచంలో పడుకున్నది పడుకున్నట్టే పోయిందట. గుండె ఆగి ఉంటుందన్నారు. ఎప్పుడు పోయిందో సరిగ్గా ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అన్నం తిన్నదని మాత్రం తెలుసు.

ఫోన్ పట్టుకుని నేను నిలబడిపోయాను. రాజేందర్ అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మేము వెళ్ళేసరికి ఆమెకు స్నానం చేయించి, వేరే చీర కట్టి పడుకోబెట్టారు. రాజేందర్ తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని లేవనన్నాడు. అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే పట్టుకోవడం నా ఒక్కదానివల్ల కాలేదు. బావ కూడా వచ్చి పట్టుకున్నాడు. తెల్లారి అన్నీ అయిపోయాక యారాలు నన్ను లోపలికి పిలిచింది. రాజేందర్ నీళ్ళకోసం వచ్చి గుమ్మంలో ఆగాడు. మూడు అన్న మాట గురించి మేము అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇది నేను ఖచ్చితంగా చెప్పగలను.

ఆదివారం పొద్దున్నే అత్తమ్మ పెట్టె తెరిచి, అడుగున ఉన్న ఆకుపచ్చ చీర తీసి కట్టుకుందట. ఇదెందుకని యారాలు అడిగితే కట్టబుద్ధయింది అందట.

"కొంగు ఉండ జుట్టి ఎడమ పిడికిట్ల పట్టుకున్నది చెల్లె. తడిగున్నది. ఒళ్ళంత సల్లగయ్యింది గని, కొంగు ఎచ్చగున్నది," అంది యారాలు. అరుగు మీద ఎండ పడి ఉంటుందని నేనన్నాను.

"కుడిచెయ్యి గిట్లున్నది," అని తన చెయ్యి ఎత్తి చూపించింది.

బొటనవేలు చిటికెన వేలిని నొక్కిపట్టి ఉంది. మధ్యలో మూడు వేళ్ళు నిలబడి ఉన్నాయి. స్నానం చేయించేటప్పుడు వాటిని మడవలేక నూనె రాసి మెల్లగా సర్దారట.

గుమ్మంలో గ్లాసు కిందపడిన చప్పుడైంది. నేను వెనక్కి తిరిగేసరికి రాజేందర్ అక్కడ లేడు. వాకిట్లోకి వెళ్ళి చూస్తే ఖాళీ మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

దినాలయ్యాక కరీంనగర్ వచ్చాం. చెకప్‌కు వెళ్ళాం. డాక్టరమ్మ మెషిన్‌లో చాలాసేపు చూసింది. లెన్సు మార్చి మళ్ళీ చూసింది. పాత ఫొటో తెరిచి కొత్తదాని పక్కన పెట్టింది. పాతదాంట్లో మచ్చ పక్కన ఆకుపచ్చ ముక్క ఉంది. కొత్తదాంట్లో మచ్చ అలాగే ఉంది, ముక్క లేదు.

నేను ఊరుకునే రకం కాదు కదా, వరసగా అడిగాను. కరిగిపోయిన అంచు నుంచి జారి వచ్చేసి ఉండవచ్చు అంది. అలా జరుగుతుందా అంటే తాను చూడలేదు కానీ జరగకూడదని లేదంది. మచ్చ వెనక దాగి ఉండవచ్చా అంటే, ఆ చోట మచ్చ లేదు కదా అని తనే అనుమానపడింది. ఇంత తెల్లబడిన కంటికి ఒక్క క్షణం చూపు రావడం ఉంటుందా అని కూడా అడిగాను. ఆమె లేదనే అంది, కానీ రాజేందర్ మొహం చూసి మెత్తగా అంది.

అతనికి చూపు రాలేదు. అది కూడా చెప్పాలి. ఆ కంటికి ఇవాళ్టికీ తెలుపే. ఆమె తన దారాన్ని తను తీసుకుపోయిందని రాజేందర్ అంటాడు, ఆమె చేతనైంది అంతే అంటాడు. ఆపరేషన్‌కు పేరు రాయించుకున్నాడు. ఇంక ఎవరి కోసం వాయిదా వెయ్యాలి అన్నాడు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఏడ్చాం.

ఆ చీర మా బీరువాలో ఉంది. యారాలు ఉతకకుండా ఇచ్చింది, మేమూ ఉతకలేదు.

నేను లెక్కలు వేస్తూనే ఉంటాను. వేళ్ళు అలా బిగుసుకుపోవడానికి ఏదో కారణం ఉంటుంది. చీర కట్టబుద్ధవడం ఎవరికైనా జరుగుతుంది. దారం జారిపోయి ఉంటుంది. కల కలే. ఒక్కొక్కటిగా అన్నింటికీ తీగ బిగించగలను. ఒక్క చోట మాత్రం నా చెయ్యి ఆగిపోతుంది. ఆమె అడిగిన ప్రతిసారీ అతని చేత సరైన జవాబు చెప్పించింది నా వేళ్ళే. నా చేతులు ముందుకు పెట్టించిన ఒక్కరోజు అతను తప్పు చెప్పాడు.

ఆ ఆదివారం నేను గడప దగ్గర ఉన్నాను. నా రెండు చేతులూ చిక్కుడుకాయల్లో ఉన్నాయి. నేను తట్టలేదు.